టైల్స్ సందుల నలుపు: యాసిడ్ వాదానికి ఖండన

టైల్స్ పరిచిన నేలలో పలకల మధ్య సందులు నల్లబడితే యాసిడ్ పోసి రుద్దడమే విరుగుడన్న అభిప్రాయం తెలుగు ఇళ్లలో ఎంతగా పాతుకుపోయిందంటే, పండుగ ముందు ఇల్లు కడిగే రోజున చీపురు, ఫినాయిల్‌తో పాటు యాసిడ్ సీసా కూడా కొనడం ఎవరికీ వింతగా తోచదు. ఇల్లు ఖాళీ చేస్తున్న అద్దెదారు, కొత్తవారికి ఇల్లు చూపించాల్సిన యజమాని, అపార్టుమెంట్లలో శుభ్రత పనులు గుత్తకు తీసుకునే కాంట్రాక్టరు, చివరికి ఆ టైల్స్ వేసిన మేస్త్రీ కూడా ఒకే మాట చెబుతారు: సందుల్లో పేరుకున్నది మురికి, ఆ మురికిని వదిలించేది యాసిడ్. ఈ మాటలో రెండు తప్పులున్నాయి. సందుల్లో కనిపించే నలుపు అన్నిచోట్లా ఒకే రకమైన మురికి కాదు. యాసిడ్ కరిగించేది ప్రధానంగా మురికిని కాదు, ఆ మురికిని పట్టి ఉంచిన సిమెంటును. అందువల్ల యాసిడ్‌తో తెల్లబడిన సందు శుభ్రపడిన సందు కాదు, పైపొర పోగొట్టుకున్న సందు. అది మునుపటికన్నా త్వరగా నల్లబడుతుంది, మళ్లీ యాసిడ్‌ను కోరుతుంది.

ఈ సంగతి తెలియాలంటే సందుల్లో ఉన్న పదార్థం ఏమిటో ముందు చూడాలి. పలకల మధ్య వదిలిన ఖాళీని నింపే మెత్తటి ముద్దను గ్రౌట్ అంటారు. ఇళ్లలో ఎక్కువగా కనిపించేది సిమెంటు గ్రౌట్. అంటే తెల్ల సిమెంటు లేదా మామూలు సిమెంటు, సన్నని ఇసుక లేదా రాతిపొడి, రంగుపొడి, కొన్ని రకాల్లో పట్టు పెంచే పాలిమర్ కలిపిన మిశ్రమం. సిమెంటుకు నీరు తగిలినప్పుడు అందులోని కాల్షియం సిలికేట్లు నీటితో చర్య జరిపి, గట్టిదనాన్నిచ్చే కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే జిగురులాంటి పదార్థంగానూ, కాల్షియం హైడ్రాక్సైడ్‌గానూ, అంటే తడిసున్నంగానూ మారతాయి. గట్టిపడిన సిమెంటులో ఈ సున్నం దాదాపు ఐదో వంతు ఉంటుంది. ఇక ఈ చర్యకు అవసరమైన నీరు సిమెంటు బరువులో సుమారు 40 శాతం కాగా, పని సులువుగా సాగాలని మేస్త్రీలు అంతకు మించి కలిపి జారుడుగా చేసిన ముద్దలో మిగులు నీరు ఆవిరై పోతూ తానున్న చోట వెంట్రుకకన్నా సన్నని ఖాళీలను వదిలిపోతుంది. ఈ ఖాళీలనే కేశనాళికా రంధ్రాలు అంటారు. నీటిని తమంతట తామే లోపలికి పీల్చుకోవడం వీటి స్వభావం.

విట్రిఫైడ్ పలకకూ, దాని పక్కనున్న సందుకూ మధ్య తేడా ఇక్కడే ఉంది. విట్రిఫైడ్ పలక అంటే అధిక ఉష్ణోగ్రతలో కాల్చి లోపలి రేణువులు గాజులా కరిగి కలిసిపోయేలా చేసిన పలక. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం అది పీల్చే నీరు దాని బరువులో 0.5 శాతానికి మించకూడదు. సిమెంటు గ్రౌట్ దానికన్నా ఎన్నో రెట్లు నీరు పీలుస్తుంది. పైగా సందు పలక అంచుకన్నా రవ్వంత పల్లంలో ఉంటుంది. తడిగుడ్డ పెట్టేటప్పుడు ఒకే బకెట్ నీళ్లతో మొదటి గది నుంచి చివరి గది దాకా తుడుచుకుంటూ పోతే, రెండో గదికి వచ్చేసరికే ఆ నీరు మురుగుగా మారి ఉంటుంది. పలక మీది నీటిని గుడ్డ తీసుకుపోతుంది. పల్లంలో చేరిన నీటిని గుడ్డ అందుకోలేదు, సందు తాగేస్తుంది. నీరు ఆవిరవుతుంది, మట్టి మిగులుతుంది, రోజూ ఇదే జరుగుతుంది. కాబట్టి చాలా ఇళ్లలో సందులను నల్లబరుస్తున్నది అశుభ్రత కాదు, తుడిచే పద్ధతే. ప్రతిరోజూ తప్పకుండా తుడిచే ఇళ్లలో కూడా, ముఖ్యంగా మనుషులు ఎక్కువగా తిరిగే దారిలో సందులు ముందుగా నల్లబడి, ఫ్రిజ్ వెనుకా మంచం కిందా అదే గ్రౌట్ తొలినాటి రంగుతో ఉండడానికి కారణం ఇదే.

వంటింట్లో దీనికి నూనె తోడవుతుంది. తాలింపు పెట్టినప్పుడు గాలిలోకి లేచే సన్నని నూనె తుంపర పొయ్యి ముందరి సందుల్లో దిగి, జిగటగా మారి, మీద పడిన ధూళినల్లా పట్టుకుంటుంది. స్నానాల గదిలోనైతే సబ్బుతెట్టు, నాచు, బూజు చేరతాయి. బోరునీళ్లు వాడే చోట ఆ నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు గట్టి తెల్లపొరగా పేరుకుంటాయి. ఇవన్నీ వేర్వేరు పదార్థాలు, వేర్వేరు గుణాలు గలవి. వీటన్నిటికీ ఒకే సీసా మందు కాగలదన్న నమ్మకం రసాయనశాస్త్రం ముందు నిలవదు.

యాసిడ్ అని దుకాణాల్లో అమ్మేది నీరు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మరుగుదొడ్లు కడిగే నీలిరంగు ద్రవాల్లో చాలావాటి సీసాల మీద కూడా ఇదే ఆమ్లం సుమారు 10 శాతం అని ముద్రించి ఉంటుంది. దీన్ని సందు మీద పోయగానే బుసబుసమని నురగ లేస్తుంది. ఆ నురగను మురికి ఊడివస్తున్నదనడానికి సాక్ష్యంగా చూస్తారు. నిజానికి ఆ బుడగల్లో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. గ్రౌట్‌లోని సున్నం గాలి సోకి కొంతకాలానికి కాల్షియం కార్బొనేట్‌గా మారి ఉంటుంది, ఆమ్లం దాన్ని విచ్ఛిన్నం చేసినప్పుడు ఆ వాయువు వెలువడుతుంది. సున్నమూ, కార్బొనేటూ రెండూ నీటిలో కరిగిపోయే కాల్షియం క్లోరైడ్‌గా మారి కడిగిన నీటితో కొట్టుకుపోతాయి. జిగురు పదార్థం కూడా తనలోని కాల్షియాన్ని కోల్పోయి, పట్టులేని సిలికా ముద్దగా మిగులుతుంది. నూనె మీద మాత్రం ఈ ఆమ్లానికి చెప్పుకోదగిన ప్రభావం లేదు. నూనెమరక, మట్టి ఊడివచ్చాయంటే అవి అంటుకుని ఉన్న పొర ఊడివచ్చింది గనుకే. యాసిడ్ పోసి కడిగిన సందును ఆరిన తరువాత వేలితో రుద్దితే వేలికి తెల్లటి పిండి అంటుతుంది, చేతికి గరుకుగా ఇసుక తగులుతుంది. ఆ ఇసుకను కప్పి ఉంచిన సిమెంటు అప్పటికే మురుగు కాలువలో కలిసిపోయింది.

నష్టం అక్కడితో ఆగదు. పైపొర పోవడంతో రంధ్రాలు వెడల్పవుతాయి, సందు మరికాస్త పల్లమవుతుంది, మురికినీరు మునుపటికన్నా సులువుగా లోపలికి దిగుతుంది. సరిగా కడగకపోతే సందులో మిగిలిపోయే కాల్షియం క్లోరైడ్ గాలిలోని తేమను లాక్కునే లవణం కాబట్టి, ఆ సందు వానాకాలమంతా చెమ్మగానే ఉండి ధూళిని పట్టుకుంటుంది. వాణిజ్య స్థాయి ఆమ్లంలో ఇనుము అంశ కలిసి ఉండడం వల్ల తెల్ల గ్రౌట్ మీద లేతపసుపు మరకలు పడడమూ సాధారణమే. ఆ పసుపు కూడా పాత మురికేననుకుని మరోసారి ఆమ్లం పోస్తారు.

యాసిడ్ వాదులు ముందుకు తెచ్చే వాదనల్లో బలమైనది, కళ్లెదుట కనిపించే ఫలితం. పోసిన ఐదు నిమిషాల్లో తెల్లబడింది కదా అంటారు. తెల్లబడిన మాట నిజం. ఎందుకంటే మట్టి ఇంకా చేరని లోపలి పొర బయటపడింది. కానీ ఇంట్లో వాడే విట్రిఫైడ్ పలక మందం సాధారణంగా 8 నుంచి 10 మిల్లీమీటర్లు; గ్రౌట్ లోతు అంతకు మించి ఉండదు, జిగురు లేదా సిమెంటు సందులోకి పొంగిన చోట సగం కూడా ఉండదు. ఇంత పలుచని పదార్థంలోంచి ఏటా కొంత కరిగించుకుంటూ పోవడానికి మిగులు ఎక్కడుంది? పలకల అంచులు బయటపడి పెచ్చులూడడం, సందుల గుండా నీరు దిగి పలక అడుగున బోలుచప్పుడు రావడం చాలాసార్లు ఈ పద్ధతికి వచ్చే ముగింపే; అప్పుడు కూడా నింద పలక నాణ్యత మీదా, మేస్త్రీ పనితనం మీదా పడుతుంది.

మేస్త్రీలు స్వయంగా యాసిడ్ వాడుతారు కదా అన్నది రెండో వాదన. కొత్తగా వేసిన నేల మీద పలకలకు అంటుకున్న పలుచని సిమెంటు పొరను తీయడానికి బాగా పలుచన చేసిన ఆమ్లాన్ని వాడే పద్ధతి ఉన్నమాట వాస్తవం. అయితే ఆ పని సరిగా తెలిసినవారు గ్రౌట్ పూర్తిగా గట్టిపడేదాకా ఆగుతారు, ముందుగా సందులను మంచినీళ్లతో నానబెట్టి రంధ్రాలను నీటితో నింపేస్తారు, ఆమ్లాన్ని పలక మీద క్షణకాలమే ఉంచి వెంటనే కడిగేస్తారు, అదీ ఒక్కసారే చేస్తారు. హైడ్రోక్లోరిక్‌కు బదులు పొడిరూపంలో దొరికే, ఘాటైన ఆవిరి లేని సల్ఫామిక్ ఆమ్లాన్ని ఎంచుకుంటారు. అక్కడ కరిగించదలచింది పలక మీద పొరపాటున మిగిలిన సిమెంటును. నల్లబడిన సందును కడిగేటప్పుడు ఆమ్లాన్ని నేరుగా పోసేది నిలుపుకోవాల్సిన సిమెంటు మీదే. మొదటిది అనుమతించదగిన పని అయినంత మాత్రాన రెండోదానికి సమర్థన దొరకదు.

ఆమ్లానికి అసలు చోటే లేదనడం కూడా అతిశయోక్తే అవుతుంది. బోరునీళ్ల లవణాలు పేరుకున్న గట్టి తెల్లపొర క్షారాలకు, సబ్బుకు లొంగదు. దానికి పలుచని సిట్రిక్ ఆమ్లం, అంటే నిమ్మ ఉప్పు ద్రావణం అవసరమే. సందును ముందుగా తడిపి, పొర ఉన్న మేరకే పూసి, వెంటనే పుష్కలంగా కడిగితే నష్టం స్వల్పంగా ఉంటుంది. కానీ లవణపు పొర తెల్లగా ఉంటుంది, నల్లగా ఉండదు. నల్లబడిన సందుకు ఈ మినహాయింపును అరువు తెచ్చుకోవడం కుదరదు.

సందు ఒక్కటే నష్టపోతే ఈ వాదాన్ని ఇంత పట్టుదలగా ఖండించాల్సిన పని ఉండేది కాదు. తెలుగు ప్రాంతాల్లో చాలా ఇళ్లలో హాల్లో టైల్స్ ఉన్నా గడప దగ్గర, వంటగట్టు మీద, మెట్ల మీద కడప నల్లరాయో, తాండూరు బండలో, బేతంచెర్ల బండలో ఉంటాయి. ఇవన్నీ సున్నపురాయి జాతివి; యాసిడ్ చుక్క పడిన చోట నునుపు శాశ్వతంగా పోయి వెలిసిన మచ్చ మిగులుతుంది. తలుపులు మూసిన స్నానాల గదిలో లేచే ఆమ్లపు ఆవిరి స్టీలు జాలీలను, కుళాయిల మెరుగును తుప్పు పట్టిస్తుంది. అన్నిటికన్నా బాధాకరమైనది మనుషులకు జరిగే హాని. ఈ పని ఇంటి యజమానులు చేసేది తక్కువ. ఇళ్లలో పనిచేసే స్త్రీలు చేతికి తొడుగు, ముక్కుకు అడ్డు లేకుండా, గొంతుక్కూర్చుని నేలకు ముఖం వంచి, ఆ ఆవిరిని గంటలకొద్దీ పీలుస్తూ చేస్తారు. యాసిడ్‌కు లొంగని మరక మీద బ్లీచింగ్ పౌడర్ చల్లే అలవాటు మరీ ప్రమాదకరం, ఎందుకంటే ఆ రెండూ కలిసిన వెంటనే ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరిన్ వాయువు పుడుతుంది. 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ దాడుల నేపథ్యంలో ఆమ్లాల చిల్లర అమ్మకాలపై ఆంక్షలు విధించింది. అలాంటి పదార్థాన్ని నెలవారీ సరుకులా ఇంట్లో నిల్వ ఉంచుకోవడానికి నేల తెల్లదనం తగిన కారణం కాదు.

యాసిడ్‌ను వద్దనేవారిలో కొందరు నిమ్మరసం, వెనిగర్ మేలంటారు. అవీ ఆమ్లాలే, నెమ్మదిగా చేసినా చేసేది అదే పని. వంటసోడా చల్లి దాని మీద వెనిగర్ పోయాలన్న చిట్కా ఈమధ్య బాగా ప్రచారంలో ఉంది. సోడా క్షారగుణం గలది, వెనిగర్ ఆమ్లం. రెండూ కలిసినప్పుడు ఒకదాన్నొకటి తటస్థం చేసుకుని నీరు, కార్బన్ డయాక్సైడ్, సోడియం అసిటేట్ అనే లవణంగా మారిపోతాయి. చూడముచ్చటైన నురగ తప్ప శుభ్రం చేసే శక్తి ఏమీ మిగలదు. ఆ తరువాత సందు తెల్లబడితే ఆ ఘనత బ్రష్షుతో రుద్దిన చేతిది.

సిమెంటు స్వభావతః క్షారం. దాన్ని బాధించకుండా నూనెను, మట్టిని వదిలించగలిగేది కూడా క్షారమే. బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేట్, వేడినీళ్లలో కలిపి సందుల్లో పోసి పావుగంట నాననిస్తే, అది జిడ్డును కొంత సబ్బుగా మార్చి, మిగిలినదాన్ని వదులు చేసి నీటిలోకి తెస్తుంది. ఆపైన నైలాన్ బ్రష్షుతో రుద్దాలి. ఇనుప పీచు సందును గీకేస్తుంది, దాని తునకలు తుప్పుపట్టి మరకలవుతాయి. బూజు, టీ, కూరల మరకలకు సోడియం పెర్‌కార్బొనేట్ మంచిది. నీటిలో కలపగానే ఇది బట్టల సోడాగా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా విడిపోతుంది, పెరాక్సైడ్ రంగును విరిచేస్తుంది, సోడా జిడ్డును పడుతుంది. ఈ పనిలో చాలామంది కంగారుపడే ఘట్టం ఒకటుంది: పసుపు పడిన సందు మీద సోడానీళ్లు పోయగానే ఆ మచ్చ ఒక్కసారిగా ఎర్రబడుతుంది. మరక ముదిరిపోయిందని భయపడి పని ఆపేసి, యాసిడ్ పోస్తే ఎరుపు మాయమైందని సంతోషించేవారున్నారు. పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రగా, ఆమ్లం తగిలితే పసుపుపచ్చగా కనిపించడం దాని సహజగుణం; యాసిడ్ పోస్తే పోయింది ఎరుపే గాని పసుపు కాదు. పెరాక్సైడ్‌కు, ఎండకు మాత్రం ఆ రంగు నిజంగానే విరిగిపోతుంది.

రుద్దడంతో పని పూర్తికాదు. వదులైన మురికినీటిని సందులోంచి ఆరిపోకముందే పొడిగుడ్డతో పీల్చేయకపోతే అది మళ్లీ అక్కడే దిగుతుంది. రోజువారీ తుడుపుకు రెండు బకెట్లు, అంటే గుడ్డ జాడించడానికి ఒకటి, తుడవడానికి మంచినీళ్లతో ఇంకొకటి పెట్టుకుంటే, ఏ సీసా చేయలేని మేలు జరుగుతుంది.

యాసిడ్ వాదానికి జంటగా నడిచే మరో నమ్మకం, నల్లబడిన సందు మీద తెల్ల సిమెంటు పూస్తే కొత్తదైపోతుందన్నది. పాత గ్రౌట్ మీద వెంట్రుకమందాన పూసిన సిమెంటులోని నీటిని అడుగునున్న పొడి సందు పీల్చేస్తుంది, పైనుంచి ఫ్యాను గాలి ఆరబెడుతుంది. సిమెంటు గట్టిపడే చర్య సగంలోనే ఆగిపోయి అది పొడిలా రాలిపోతుంది. జిడ్డు మీద పూసినది అసలు పట్టదు. గ్రౌట్ నిజంగా చెడిపోయిందని తేలితే, అంటే మేకుతో గీస్తే పొడి రాలుతూ, నీటిచుక్క వేసిన క్షణంలో ఇంకిపోతూ ఉంటే, గ్రౌట్ గీకే పనిముట్టుతో కనీసం సందు లోతులో సగానికి పైగా తవ్వి, దుమ్ము తీసి, అప్పుడు కొత్తది నింపాలి. 3 మిల్లీమీటర్లకన్నా వెడల్పైన సందులకు ఇసుక కలిసిన రకం కావాలి, లేకుంటే అది ముడుచుకుని పగులుతుంది. నింపిన తరువాత రెండుమూడు రోజులు చెమ్మ ఆరకుండా చూడాలి. స్లాబుకు శ్రద్ధగా నీళ్లు పెట్టించే ఇళ్లలో కూడా గ్రౌట్‌కు ఈపాటి నీటివసతి దక్కకపోవడం విచారించదగిన విషయం.

గ్రౌట్ గట్టిగానే ఉండి, లోపలిదాకా దిగిన మరక మాత్రం వదలకపోతే దాన్ని తవ్వనక్కరలేదు. గ్రౌట్ కలరెంట్ అనే రంగుపూత, అంటే యాక్రిలిక్ లేదా ఎపాక్సీ రెజిన్‌లో రంగు కలిపిన ద్రవం, బాగా కడిగి పూర్తిగా ఆరిన సందు మీద చిన్న బ్రష్షుతో పూస్తే మరకను కప్పడంతో పాటు రంధ్రాలనూ మూస్తుంది. నునుపైన పలక మీద పడిన రంగును వెంటనే తుడిచేయవచ్చు. గరుకైన, పాలిష్ లేని పలకలకు అది అంటుకుపోతుంది కాబట్టి ముందుగా ఒక మూలన పరీక్షించాలి. ఇక్కడ పాలతెలుపు కోసం పట్టుబట్టకుండా బూడిదరంగో, లేత గోధుమరంగో ఎంచుకోవడం వివేకం, ఎందుకంటే మనుషులు నడిచే నేల మీద తెల్లటి సందు తెల్లగా ఉండిపోవాలన్న కోరికే ఈ యాసిడ్ అలవాటుకు సగం మూలం.

కొత్తగా నింపేటప్పుడైతే వంటింటికీ, స్నానాల గదికీ ఎపాక్సీ గ్రౌట్ మేలైనది. రెజిన్‌ను, దాన్ని గట్టిపరిచే ద్రవాన్ని కలిపి చేసే ఈ రకంలో సిమెంటు అవసరం ఉండదు. గ్రౌట్‌ల అంతర్జాతీయ ప్రమాణం నిర్ణీత పరిమాణపు దిమ్మెను 240 నిమిషాలు నీటిలో ఉంచినప్పుడు సాధారణ సిమెంటు గ్రౌట్ 10 గ్రాముల వరకు నీరు పీల్చడాన్ని అనుమతిస్తుంది. రెజిన్ గ్రౌట్‌కు ఆ పరిమితి 0.1 గ్రాము. నూరు రెట్ల ఈ వ్యత్యాసం ముందు ఏ శుభ్రత మందూ పోటీకి నిలవదు. ఇది ఖరీదైనది, త్వరగా గట్టిపడుతుంది గనుక చేయి తిరిగిన మేస్త్రీ కావాలి, ఎండపడే బాల్కనీలో తెల్లరంగు క్రమంగా పసుపుబారుతుంది. యాసిడ్ చవక అన్న చివరి వాదనకు జవాబు కూడా ఇక్కడే ఉంది: సీసా ధరతో పోల్చాల్సింది సందు ధరను కాదు, సందు గుండా నీరు దిగి లేచిపోయిన పలకలను తీసి మళ్లీ పరిపించే ధరను.

ఎంత కడిగినా కొద్ది రోజుల్లోనే ఒకే చోట, ముఖ్యంగా స్నానాల గది గోడను ఆనుకున్న వరుసలో, సందు మళ్లీ నల్లబడుతుంటే, లేదా ఆరిన ప్రతిసారీ తెల్లటి ఉప్పు పూస్తుంటే, కారణం పైన లేదు. అడుగున పైపు కారుతూనో, గోడ మొదట్లో నీటిని ఆపే పూత చెడిపోయో ఉంటుంది. గోడా నేలా కలిసే మూలలో గ్రౌట్ పదేపదే పగులుతుంటే ఆ రెండూ వేర్వేరుగా కదులుతున్నాయని అర్థం. అక్కడ ఉండాల్సింది సాగే గుణమున్న సిలికాన్ సీలెంట్, బిరుసైన సిమెంటు కాదు. ఇలాంటి ఇంట్లో యాసిడ్ పోయడమంటే లీకవుతున్న నీటికి దారి మరింత వెడల్పు చేయడమే. ముందుగా పిలవాల్సింది ప్లంబరును. నీరు ఆగి, అడుగు పూర్తిగా ఆరిన తరువాతే టైల్స్ మేస్త్రీని.